గుర్తులు

ఆ కాగితం ఖరీదు పావు డాలరు.
న్యూబరీపోర్ట్ సుంకాల కచేరీలో గుమాస్తా
మా తమ్ముణ్ణి వెలుతురుకి తిప్పి చూసి రాసుకున్నాడు:
ఎల్కానా టాపన్. వయసు పంతొమ్మిది.
అయిదడుగుల ఏడంగుళాలు. చామనఛాయ.
ఎడమ కనుబొమ్మను చీలుస్తూ పాత మచ్చ.
ఇతడు అమెరికా పౌరుడు.
కింద ముద్ర.

ఆ మచ్చ నేను చేసిందే.
నాకు తొమ్మిదేళ్లు, వాడికి ఆరు, పడవ కొక్కెం కోసం కొట్లాట.
అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
ఒక దేశం తన బిడ్డను ఆనవాలు పట్టడానికి
నా కోపం పనికొస్తుందని ఎవరనుకున్నారు!

పనికిరాలేదు.
అజోర్స్ దాటాక ఇంగ్లీషు యుద్ధనౌక అడ్డం నిలిచింది.
లెఫ్టినెంటు కాగితం చదివాడట,
మడిచి వాడి జేబులోనే పెట్టాడట, మర్యాదగా.
"ఇవి మీ రేవుల్లో చేపలకన్నా చవక" అని
ముగ్గురిని దింపుకుపోయాడు.
చెప్పింది జేబెజ్,
టోపీ చేతుల్లో తిప్పుకుంటూ, నా వైపు చూడకుండా.

ఇంగ్లండూ ఫ్రాన్సూ.
ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరుగుతాయి.
మా పెద్దలు కనిపెట్టిన మందేమిటంటే
ఎవరితోనూ బేరం వద్దు, ఓడ కదలొద్దు.
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం
ఆ చలికాలం కళ్లారా చూశాను.
రేవులో తారు వాసన పోయింది.
ఎండబెట్టిన కాడ్ చేప కొనే నాథుడు లేక
ఎరువుగా పొలాల్లో పాతేశాం.

పన్నెండో ఏడు జూన్‌లో యుద్ధమన్నారు.
నావికుల కోసమట.
ఉప్పునీళ్లు ఎన్నడూ చూడని పడమటి వాళ్లు
బల్లలు గుద్ది మరీ మావాళ్ల పేరున అరిచారు,
కళ్లు మాత్రం కెనడా మీద, షానీల మొక్కజొన్న చేల మీద.
మా చర్చి గంట చావుకు మోగినట్టు మోగింది.
వాన వచ్చేలా ఉంటే
నేను చేపలు తిరగేస్తూ ఉన్నాను.

వార్తలు ఆలస్యంగా వచ్చేవి, తడిసి.
డిట్రాయిట్‌ను ఒక ముసలి సేనాని చేజేతులా అప్పజెప్పాడు.
ఈరీ సరస్సు మీద గెలిచాం.
యార్క్‌లో వాళ్ల సభాభవనం తగలబడింది, మావాళ్ల పుణ్యం.
మరుసటేడు ఆగస్టులో మా రాజధానిని వాళ్లు కాల్చారు.
"చెల్లుకు చెల్లు" అన్నాడు కొట్టు ఓబెద్. లెక్కల మనిషి.

తమ్ముడి నుంచి ఒక్క ఉత్తరం, ఎనిమిదేళ్లకి:
"సొంత జెండా మీదకి ఫిరంగి పేల్చనన్నాను.
డార్ట్‌మూర్ జైల్లో పడేశారు.
ఇక్కడ గోడలకి కూడా చెమట పడుతుంది.
కాగితం ఇంకా నా దగ్గరే ఉంది."

క్రిస్మస్ ముందురోజు ఘెంట్‌లో సంతకాలయ్యాయి.
ఆ కబురు ఇంకా సముద్రం మీద ఉండగానే
న్యూ ఆర్లీన్స్ బురదలో వందలమంది చచ్చారు,
సిరా ఆరిపోయిన యుద్ధంలో.

సంధి షరతులు పత్రికలో అచ్చేశారు. రెండుసార్లు చదివాను.
ఎవరి నేల వాళ్లకి. అంతా మునుపటిలాగే.
ఆ తెగలవి ఆ తెగలకే ఇస్తామని ఒక వాక్యం కూడా ఉంది.
వాక్యం ఉంది.
నావికుల మాట లేదు.
మూడోసారి వేలు పెట్టి వెతికాను.
ఇంకా ఉందేమోనని పేజీ తిప్పితే
రమ్ము ధరలు, పోయిన గుర్రం ప్రకటన.

జులైలో వచ్చాడు.
"జెరూషా, లోపలికి రావచ్చా?" అని
తన గుమ్మంలో నిలబడి అడిగాడు.
గంట వినిపిస్తే తింటున్నవాడు లేచి నిలబడేవాడు.
ఆగస్టు నాటికి మళ్లీ సముద్రమన్నాడు.
ఇంకేం వచ్చు వాడికి!

అదే కచేరీ. గుమాస్తా కొత్తవాడు, కుర్రాడు.
చొక్కా విప్పమన్నాడు,
వీపు చూసి కలం ఆపేశాడు.
"ఇవి ఎన్నని రాయను?"

కనుబొమ్మ మీదది నాది, అన్నాను.
ముందు అది రాయి.

రాశాడు.
మిగిలిన వాటికి జాగా చాలక
'వీపున చారలు' అని ఊరుకున్నాడు.
పావు డాలరే పుచ్చుకున్నాడు.
ధర పెరగలేదు.